విరిగిన కుసుల అలమారా: ఒక వడ్రంగి మేస్త్రి బోధకుడైన కేసు

చేతిపని వచ్చినవారికి పాఠం చెప్పడం నేర్పడం నా పని. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాలు, సరిహద్దుకు ఇవతల శ్రీకాకుళం జిల్లా నేను తిరిగే నేల. వడ్రంగులు, నేతగాళ్లు, కంచరివారు, కుట్టుపనివారు నా దగ్గరకు వస్తారు. నిజానికి వాళ్లంతట వాళ్లు రారు, వాళ్లను పనిలో పెట్టుకున్న శిక్షణ కేంద్రాలు పంపిస్తాయి. ఇది అలా వచ్చిన ఒక వడ్రంగి మేస్త్రి కేసు. ఇందులో నేను వరుసగా మూడు తప్పుడు నిర్ణయాలు తీసుకున్నాను. మూడింటికీ అప్పట్లో నా దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. ఆ కారణాలను కూడా రాస్తున్నాను, ఎందుకంటే నా వృత్తిలో ఉన్నవారు రేపు అవే కారణాలతో అవే తప్పులు చేస్తారు.

ఆయన ఇదంతా చదివించుకుని విని, ఒప్పుకున్న తర్వాతే బయటపెడుతున్నాను. ఊరు, కేంద్రం, కుటుంబం వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఆయనను మేస్త్రి గారు అనే అంటాను.

నేపథ్యం

మేస్త్రి గారిది పర్లాకిమిడి పరిసరాల్లోని ఒక ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, కొండ దిగి వచ్చేవారితో అవసరానికి నాలుగు సవర మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. సరిహద్దు గీత జరిగినా తెలుగు వీధులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

చదువు అయిదో తరగతి. పదకొండో ఏట మేనమామ దగ్గర పనిలో చేరారు. మొదటి సంవత్సరమంతా సాన పట్టడం, పొట్టు ఊడవడం, అడిగిన పనిముట్టు అందివ్వడం. పద్నాలుగో ఏట బాడిస జారి కుడి బొటనవేలి పై కణుపు పోయింది. అప్పటి నుంచి ఉలిని బొటనవేలితో అదమకుండా, చూపుడువేలు మడిచి దాని పక్కతో పట్టుకుంటారు. ఇరవై నిండేసరికి ద్వారబంధాలు, పట్టె మంచాలు, ఉయ్యాల బల్లలు సొంతంగా చేసి ఇచ్చేవారు. రథోత్సవానికి ముందు రథం చక్రాలు సరిచూడటానికి ఊరివాళ్లు ఆయన్నే పిలిచేవారు.

తర్వాత ప్లైవుడ్ వచ్చింది, అచ్చు తలుపులు వచ్చాయి. ఇంటి మగపిల్లలు సూరత్ మరమగ్గాలకో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో వెళ్లారు. 2013 వానాకాలంలో దగ్గర్లోని ఒక స్వచ్ఛంద సంస్థ మూడు నెలల వడ్రంగం కోర్సు మొదలుపెట్టి ఆయనను శిక్షకుడిగా పెట్టుకుంది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. జీవితంలో మొదటిసారి నెల జీతం.

వచ్చిన సమస్య

పద్దెనిమిది మందితో మొదలైన తరగతిలో ఆరు వారాలకు ఏడుగురు మిగిలారు. కేంద్రం నడిపేవారు నాకు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: ‘పనిలో దిట్ట, పాఠంలో సున్నా, పైగా కోపిష్టి.’

రెండు రోజులు మూల కూర్చుని చూశాను. మేస్త్రి గారు చెక్క తీసుకుంటారు, పిల్లలు చుట్టూ మూగుతారు. ‘ఇదిగో, ఇలా’ అంటారు. రంపం ఆడుతుంది, ఉలి దిగుతుంది, ‘ఇలా... ఇలా...’ అంటూనే కుసి బెజ్జంలో కూర్చుంటుంది. తెలియనివారి కోసం: ఒక చెక్క చివరను నాలుగు వైపులా తగ్గించి నాలుకలాగా మిగిల్చేది కుసి, అది దిగే రంధ్రం బెజ్జం. తలుపైనా మంచమైనా నిలబడేది ఈ జత మీదే.

తర్వాత పిల్లలు ప్రయత్నిస్తారు. ఎవరి చెక్కో చీలుతుంది. మేస్త్రి గారికి అది చూడటం ఒంటికి బాధ. నిజంగానే పళ్లు కొరుక్కునేవారు. పిల్లవాడి చేతిలోంచి లాక్కుని, చీలిన ముక్కను పొయ్యి కట్టెల కుప్పలోకి విసిరి, కొత్త ముక్క తీసి తానే పూర్తి చేసి ఇచ్చేవారు. సాయంత్రానికి అందరి ముందూ చక్కటి కుసులు ఉండేవి. అన్నీ మేస్త్రి గారు చేసినవే. ఒక గంటలో ‘ఇలా’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. అరవై దాటాక ఆపేశాను.

మొదటి నిర్ణయం: పాఠ ప్రణాళిక

నా ఆలోచన ఇది. ఆయనకు విషయం ఉంది, వరుస లేదు. నలభై ఏళ్ల అలవాటులో మెట్లన్నీ కలిసిపోయి ఒకే కదలికగా మారాయి. కాబట్టి వరుస ఇవ్వాలి. అయిదు రోజుల శిక్షణ ఇచ్చి, ఫారాలు ఇచ్చాను: నేటి లక్ష్యం, కావలసిన సామగ్రి, పట్టే సమయం, ఎలా పరీక్షిస్తారు.

ఆయన వాటిని ఇంటికి తీసుకెళ్లి కొడుకు చేత నింపించుకుని వచ్చారు. తరగతిలో కాగితం పట్టుకుని కూడబలుక్కుని చదివారు. రథం చక్రం ఆకు మీద కూడా వణకని చెయ్యి ఆ కాగితం మీద వణికింది. అంతకుముందు ‘ఇలా’ అయినా ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. రెండు వారాల తర్వాత ఫారాలు వెనక్కి తీసుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు నాకు తెలియలేదు. ఆయన చదువు తక్కువ కావడం వల్లే అనుకున్నాను. అది సగమే నిజం. వరుస అనేది ఆయన లోపల నుంచి రావాలి. నేను బయటి నుంచి తెచ్చి ఆయన నోట్లో పెట్టాను.

రెండో నిర్ణయం: అతుకుల వరుస

కాగితం వద్దనుకున్నాక అభ్యాసాల వైపు వెళ్లాను. దీనికి చరిత్ర ఉంది. 1868లో మాస్కోలోని ఇంపీరియల్ టెక్నికల్ స్కూలులో విక్టర్ డెలా వాస్ అనే ఆయన వడ్రంగం, కమ్మరం వంటి పనులను చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టాడు. వస్తువులు చెయ్యడం పక్కన పెట్టి, ఒక్కో పనిముట్టుకు, ఒక్కో అతుకుకు తేలిక నుంచి కష్టానికి మెట్లు కట్టాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ నమూనాలు చూసి అమెరికా వాళ్లు తమ బడుల్లోకి తీసుకెళ్లారు. ఇవాళ మన ఐ.టి.ఐ.లలో కనిపించే ‘జాబ్’ల వరుసలో ఆ పోలిక కనిపిస్తుంది. ఇన్ని దేశాల్లో నిలబడిన పద్ధతి మన కొండ కింద ఎందుకు నిలబడదు అనుకున్నాను.

పన్నెండు అభ్యాసాలు తయారుచేశాం. ఫలితం దక్కింది కూడా. గీతను పట్టి కొయ్యడం, చెక్కను నున్నగా తీసే చిత్రికతో నాలుగు ముఖాలూ సమం చెయ్యడం పిల్లలకు స్పష్టంగా మెరుగుపడింది. కానీ మానేసేవారు మానేస్తూనే ఉన్నారు. ఒక కుర్రవాడి ఇంటికి వెళితే వాళ్ల అమ్మ నా ముందు ఒక సంచి బోర్లించింది. రెండు చెక్కలు అతికించినవి, విడదీసినవి, మళ్లీ అతికించినవి. ‘నెల రోజులుగా వీడు తెచ్చినవి ఇవే బాబూ. పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తాయి?’ ఆ పిల్లవాడు ఇటుకల బట్టీకి వెళితే ఆ నెలలో కూలి డబ్బులు తెచ్చేవాడు.

మేస్త్రి గారి అభ్యంతరం వేరు. ‘కుసి ఎక్కడికి పోతుందో తెలియకుండా కుసి ఎలా చేస్తాం? తలుపుకు చేసే కుసి వేరు, మంచానికి చేసేది వేరు. తలుపు తన బరువు తానే మోస్తుంది, మంచం మనిషిని మోస్తుంది.’ నేను దీన్ని పాతకాలపు మొండితనం కింద జమకట్టాను. ఆయన అన్నది విద్యాశాస్త్రంలో వందేళ్ల పాత వాదమని నాకు తెలిసి ఉండాలి. డెలా వాస్ పద్ధతికి ఎదురుగా స్వీడన్‌లోని నాస్‌లో ఓటో సాలమన్ నిలబెట్టిన ‘స్లాయిడ్’ చెప్పింది అదే: పిల్లవాడు చేసే ప్రతి అభ్యాసమూ ఇంట్లో వాడుకునే ఒక పూర్తి వస్తువు కావాలి. పుస్తకంలో చదివినప్పుడు తలూపాను. మేస్త్రి నోట విన్నప్పుడు గుర్తుపట్టలేదు.

మూడో నిర్ణయం: ఇద్దరు మనుషులు

దీని గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, గుర్తు చేసుకోవడం నాకు ఇష్టం లేదు. డిప్లొమా చదివిన ఒక కుర్రవాడిని పెట్టి, అతడు వివరించాలి, మేస్త్రి గారు చేసి చూపించాలి అని ఏర్పాటు చేశాను. ఎవరికి వచ్చింది వాళ్లు చేస్తారు కదా అన్నది నా తర్కం. పది రోజుల్లో పిల్లలు కుర్రవాడిని ‘సార్’ అనడం, మేస్త్రి గారిని పేరు పెట్టకుండా ‘ఆయన’ అనడం మొదలైంది. జీతంలో కూడా ఆ తేడా ఉంది, మేస్త్రి గారిదే తక్కువ. మూడో వారం ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయారు.

ఆయన ఇంటి అరుగు మీద

వెనక్కి పిలవడానికి వెళ్లాను. మేస్త్రి గారు అరుగు మీద కూర్చుని మనవరాలికి చిన్న పీట చేస్తున్నారు. నన్ను చూసి లేవలేదు. నాకు అక్కసు కలగాల్సిందే కానీ నా కళ్లు ఆయన కాళ్ల మీద ఉన్నాయి. చెక్కను రెండు పాదాల మధ్య ఇరికించి, కుడికాలి బొటనవేలితో తిప్పుతూ, ఎడమ మడమతో ఆపుతూ, పైన ఉలి నడిపిస్తున్నారు. పాదాలు రెండూ ఇంకో రెండు చేతులు. చెక్క ఎంత తిరగాలో చూడకుండానే తిరుగుతోంది.

కేంద్రంలో ఇది లేదు. అక్కడ నడుము ఎత్తు బల్లలు, చెక్కను బిగించి పట్టే ఇనుప వైసులు. తనిఖీకి వచ్చేవారికి నేల మీద కూర్చునే పని వెనకబాటుగా కనిపిస్తుందని కేంద్రం వాళ్లు ముందే నిబంధన పెట్టారు: అందరూ నిలబడే పని చెయ్యాలి. అంటే, నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఆ మనిషి ఆ బల్ల ముందు మొదటి రోజు నుంచీ సగం కొత్తవాడే. పిల్లల ముందు అది బయటపడకూడదని వేగంగా చేసేవారు, వీపు తిప్పి చేసేవారు, చీలిన ముక్కను లాక్కునేవారు.

‘అక్కడ నా కాళ్లు కట్టేశారు బాబూ’ అన్నారు. అంతకుముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘మీరు అడిగిందెప్పుడు? కాగితాలు ఇచ్చారు.’

ఆ రాత్రి నా నోట్సులో ‘కోపిష్టి’ అనే మాట కొట్టేశాను.

నాలుగో నిర్ణయం, దాని తర్వాతవి

ముందు రెండు దారులు కనిపించాయి. నేలను తిరిగి తేవడం ఒకటి, ఆయనకు బల్ల నేర్పడం రెండోది. మనసు మొదటిదాని వైపే లాగింది, న్యాయంగా ఉంటుంది కాబట్టి. కానీ ఈ పిల్లలు రేపు వెళ్లేది విశాఖపట్నం ఫర్నిచర్ షెడ్లకు. అక్కడ యంత్రాలన్నీ నడుము ఎత్తులోనే ఉంటాయి. నేల మాత్రమే వస్తే అక్కడ వాళ్లు మేస్త్రి గారిలాగే ఇరుక్కుంటారు. అందుకని ఉలి పని నేల మీద, చిత్రిక పని బల్ల మీద అని తేల్చాను. కేంద్రాన్ని ఒప్పించడానికి నెల పట్టింది. తనిఖీ రోజున అందరూ నిలబడాలన్న షరతుకు నేను ఒప్పుకున్నాను. ఇప్పుడైతే ఒప్పుకోను.

ఆయన బల్ల నేర్చుకోవాలి. పిల్లల ముందే నేర్చుకుంటే బాగుంటుందని అన్నాను. ‘నేర్పాల్సినవాడు నేర్చుకునేవాళ్ల ఎదుట తడబడటమా?’ అని లేచిపోయారు. చివరికి రాత్రిపూట, తలుపులు వేసుకుని, నేనొక్కడినే ఉండేలా కుదిరింది. నాలుగు రాత్రులు. నాకు చిత్రిక పట్టడం రాదు కాబట్టి పక్క బల్ల దగ్గర నేనూ తంటాలు పడుతున్నాను.

రెండో రాత్రి ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. నాతో కాదు, తనతో తాను. ‘నడుము ముందు పోవాలి... చెయ్యి తర్వాత. మొదట్లో బరువు ముందు చేతి మీద. చివరికొచ్చేసరికి వెనక చేతి మీదకి మారాలి, లేకపోతే చెక్క కొస జారిపోతుంది.’ నేను నా చిత్రిక వదిలేసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన ఆ పని కొత్తగా నేర్చుకుంటున్నారు, అందుకే మెట్లు కనిపిస్తున్నాయి. మేనమామ దగ్గర పదకొండో ఏట నేర్చుకున్నవాటికి మెట్లు ఎప్పుడో అరిగిపోయాయి. వీటికి ఇంకా అంచులున్నాయి. నేను అయిదు రోజుల శిక్షణలో ఇవ్వలేకపోయిన వరుస ఆ రాత్రి ఆయన నోటి నుంచే వచ్చింది. మర్నాడు తరగతిలో ఆ మాటలే చెప్పమన్నాను. చెప్పారు. ‘ఇలా’ తగ్గింది.

ఆ రోజుల్లోనే జేమ్స్ క్రెనోవ్ అనే ఆయన గురించి చెప్పాను. కాలిఫోర్నియాలో 1981లో వడ్రంగ శిక్షణ మొదలుపెట్టేసరికి ఆయనకు అరవై ఏళ్లు. అక్కడ చేరినవాళ్లు మొదట్లోనే తమ చిత్రిక తామే చెక్కతో చేసుకుంటారు. ఆశ్చర్యపోతారనుకున్నాను. ‘మా మామ దగ్గరా అంతే. చిత్రిక కొనుక్కోవడమేమిటి, సిగ్గులేకుండా?’ అన్నారు. తరువాతి జట్టు నుంచి చిత్రిక దిమ్మ చేసుకోవడం మా కోర్సులో చేరింది. బ్లేడు ఒక్కటే కొన్నాం.

కూర్చునే తీరు కూడా మార్చాం. మేనమామ దగ్గర ఆయన ఎటు కూర్చునేవారని అడిగితే, పక్కన, భుజానికి భుజం తగిలేలా అన్నారు. మా తరగతిలో పిల్లలు ఎదురుగా నిలబడేవారు. ఎదురుగా ఉన్నవాడికి కుడి ఎడమవుతుంది, ఉలి తనవైపు వస్తున్నట్టు కనిపిస్తుంది, చూసినదాన్ని మనసులో తిప్పుకోవాలి. పాతకాలపు శిష్యరికంలో ఏళ్ల తరబడి పక్కన కూర్చోవడమే సగం పాఠం. మూడు నెలల కోర్సుకు అన్ని ఏళ్లు లేవు, పక్కన చోటైనా ఉంది. ముగ్గురు చొప్పున పక్కన కూర్చోబెట్టాం.

కట్టెల కుప్ప

అసలు మలుపు నా ఆలోచన కాదు. రెండో జట్టులో కొండ ఊరి నుంచి వచ్చిన ఒక సవర అమ్మాయి ఉండేది. తెలుగు కొద్దిగా వచ్చు, ఎక్కువ మాట్లాడేది కాదు. ఒక రోజు పొయ్యి కట్టెల కుప్పలోంచి తాను చెడగొట్టిన రెండు కుసులు ఏరుకొచ్చి మేస్త్రి గారి ముందు పెట్టి అడిగింది: ‘రెండిట్లో ఏది తక్కువ చెడ్డది?’

అలా ఎవరూ ఆయనను అడగలేదు. రెండూ చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో తిప్పి, చాలాసేపు చూశారు. ‘ఇది కోసేటప్పుడు నీ మోచేయి బయటికి పోయింది, అందుకే రంపం వాలింది, కుసి మెలితిరిగింది. రెండోదానికి మోచేయి సరిగ్గానే ఉంది, కానీ రంపం గీత మీద నడిచింది. గీత మిగలాలి, రంపం తీసేసే వైపు నడవాలి. రెండోదే నయం. వంకర సరిచెయ్యడం కష్టం, గీత తప్పకుండా ఉండటానికి కళ్లు పెట్టి చూస్తే సరిపోతుంది.’ ఆమె కోస్తున్నప్పుడు ఆయన ఆ గదిలో లేరు.

పిల్లలందరూ కుప్ప మీద పడ్డారు. నాది చూడండి, నాది చూడండి. ఆ మధ్యాహ్నం భోజనానికి ఎవరూ లేవలేదు. కుసి మొదలయ్యే చోట, అంటే భుజం దగ్గర, సందు వస్తే, గీతను నాలుగు ముఖాలకూ ఒకే ముఖం నుంచి తిప్పుకోలేదని చెప్పారు. బెజ్జం గోడ చీలితే, కొసకు మరీ దగ్గరగా పెద్ద దెబ్బ వేశారని. కుసి నూలు మందం వదులైతే, చెక్క మందంలో మూడో వంతు అన్న లెక్క కొలవకుండా కంటితో తీశారని. వైద్యుడు నాడి పట్టినట్టు విరిగిన చెక్క పట్టుకుని చెయ్యి ఎటు పోయిందో చెబుతున్నారు. బాగా చేసిన కుసి గురించి ‘ఇలా’ తప్ప మాట లేని మనిషికి, చెడిన కుసి గురించి మాటలు ఆగలేదు.

దీన్ని ఎందుకు ముందు గమనించలేదని చాలాసార్లు ఆలోచించాను. నిపుణుడిని ఎలా చేస్తావని అడిగితే అతడికి తెలియదు. ఇది ఎందుకు చెడింది అని అడిగితే తెలుసు. నేను రెండు జట్లపాటు మొదటి ప్రశ్నే అడిగాను.

మర్నాడే పొయ్యిలో చెక్క వెయ్యడం ఆపేశాం. గోడకు నాలుగు అరల అలమారా వచ్చింది: వాలినవి, గీత తప్పినవి, చీలినవి, వదులైనవి. ఏ ముక్క ఏ అరలో పెట్టాలో మొదట పిల్లలే తేల్చాలి, తర్వాత మేస్త్రి గారు చూస్తారు. విసిరే చెయ్యి విసరడం మానింది. కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, దానికి ఒక పని దొరికింది.

అరల పేర్లు తెలుగు, ఒడియా, సవర మూడు భాషల్లో చెప్పించాం. సవర మాటలు పిల్లలే ఇచ్చారు. పర్లాకిమిడి చుట్టుపక్కల పనిచేస్తూ ఇది చెయ్యకపోతే తప్పు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో అక్కడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే పాఠాలు చెప్పించిన నేల అది. మా కేంద్రానికి వచ్చిన ముద్రిత పాఠ్యం మాత్రం ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. మేస్త్రి గారికి రెండూ చదవడం రాదు.

అభ్యాసాల వరుసను పారేయలేదు, దాన్ని వస్తువుల్లోకి ఎక్కించాం. మొదటి వారం రొట్టెల పీట, తర్వాత ముక్కాలి పీట, తర్వాత కిటికీ రెక్క, చివర తలుపు. ప్రతి శనివారం ఏదో ఒకటి ఇంటికి వెళ్లాలి. ఆ జట్టులో పదహారు మంది చేరితే పదమూడు మంది చివరిదాకా ఉన్నారు.

తిత్లీ తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. మా ఊళ్లలో తలుపులు లేని ఇళ్లు, అడ్డంగా పడిన పనస చెట్లు. పాత విద్యార్థులను కూడగట్టి తలుపులు, కిటికీలు చెయ్యాలని మేస్త్రి గారు నిర్ణయించారు. చెక్క పచ్చిది, ఆరబెట్టే సమయం లేదు. పచ్చి చెక్క ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, వెడల్పులో తగ్గుతుంది. ఆయనకది తెలుసు. అందుకే పలకలను బిగించి అతికించకుండా, చట్రం గాడిలో వదులుగా జారేలా పెట్టమన్నారు. వానలు పడుతున్నాయి, జనం ఎదురుచూస్తున్నారు. కొందరు తొందరలో మేకులు కొట్టేశారు.

2019 ఎండల్లో ఆ మేకుల తలుపులు చీలాయి. గాడిలో వదిలినవి చీలలేదు. చీలిన తలుపుల యజమానులు ఫిర్యాదు చేస్తే మేస్త్రి గారు సొంత ఖర్చుతో మార్చి ఇచ్చారు. అందులో ఒక తలుపును మాత్రం తరగతిలో నిలబెట్టారు. అలమారాలో పట్టదు కాబట్టి గోడకు ఆనించి. నాకు తెలిసి చెక్క తేమ గురించి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఈ జిల్లాల్లో లేదు.

ఆయన పేరు వ్యాపించింది తలుపుల వల్లే. ఇతర కేంద్రాలు పిలవడం మొదలుపెట్టాయి. 2023 నాటికి ఆయన పిల్లలకు నేరుగా చెప్పేది తక్కువ, శిక్షకులకు చెప్పేది ఎక్కువ. అయిదు రోజుల శిబిరానికి వెళితే మొదటి రోజు అడిగేది ఒక్కటే: ‘మీ దగ్గర చెడిపోయిన ముక్కలు ఎక్కడ పెడతారు?’ పారేస్తాం అంటే, వాటిని ఏరుకొచ్చేదాకా పాఠం మొదలుపెట్టరు. రాయగడలోనూ శ్రీకాకుళంలోనూ కనీసం ఆరు చోట్ల ఆ నాలుగు అరల అలమారా చూశాను. ఒక చోట కుట్టు శిక్షణలో కూడా ఉంది, చెడిన కాలర్లతో.

చక్కబడనివి

ఐ.టి.ఐ.లో వడ్రంగం కోర్సులో విద్యార్థిగా చేరడానికే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. మేస్త్రి గారు అక్కడ శిక్షకుల ఎదుట పనిచేసి చూపించగలరు, విద్యార్థిగా చేరలేరు. అతిథిగా పిలుస్తారు, శాలువా కప్పుతారు, దారి ఖర్చులు ఇస్తారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఉంది. 15,000 రూపాయల పనిముట్ల సహాయానికి ఆయన పాత విద్యార్థులు కొందరు దరఖాస్తు చేసుకున్నారు. ఆయన చేసుకోలేదు. ‘నా ఉలులు నాకున్నాయి’ అన్నారు.

సొంత పని దాదాపు ఆగిపోయింది. కొడుకు దీన్ని క్షమించలేదు, నాతో మాట్లాడడు. పని నేర్చుకున్న ఆడపిల్లల్లో ముగ్గురిని ఏ షెడ్డూ పనిలోకి తీసుకోలేదు. దీనికి నా దగ్గర పద్ధతి లేదు. కట్టెల కుప్పలోంచి ముక్కలు ఏరిన అమ్మాయి మాత్రం ఇప్పుడు ఒక కేంద్రంలో శిక్షకురాలు.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే మొదటి వారం ఫారాలు తియ్యను. ఆ మనిషిని కేంద్రంలో చూడకముందు ఇంటి అరుగు మీద చూస్తాను. ఎక్కడ కూర్చుంటాడు, శరీరంలో ఏ భాగాలు పనిలో ఉన్నాయి, మేము ఇచ్చిన గదిలో వాటిలో ఏవి పనికిరాకుండా పోయాయి అన్నది రాసుకుంటాను. చెడిన పని అతడి ముందు పెట్టి, ఏమైందని అడుగుతాను. ఇది అందరితో పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. ఒక కుమ్మరితో ప్రయత్నించాను. పగిలిన కుండ చూసి ఆయన ‘మట్టి తప్పు’ అని ఊరుకున్నారు.

చివరిసారి చూసినప్పుడు

నిరుడు గునుపూరు వైపు ఒక కేంద్రానికి వేరే పని మీద వెళ్లాను. అక్కడి శిక్షకుడు మేస్త్రి గారిని ఎన్నడూ చూడలేదు, ఆయన శిష్యుడి దగ్గర నేర్చుకున్నాడు. పదహారు మంది పిల్లలు నేల మీద కూర్చుని బెజ్జాలు తొలుస్తున్నారు. పదహారు మందీ బొటనవేలు లోపలికి దాచి, చూపుడువేలు మడిచి, దాని పక్కతో ఉలి పట్టుకున్నారు. అందరి బొటనవేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. అలా పడితే ఉలి మీద పట్టు తగ్గుతుంది, చెయ్యి త్వరగా అలిసిపోతుంది. ఎందుకలా పట్టారని శిక్షకుడిని అడిగాను. ‘అదే సరైన పట్టు’ అన్నాడు.

తిరుగు దారిలో మేస్త్రి గారి ఇంటి దగ్గర ఆగి చెప్పాను. అరుగు మీద ఉన్నారు. కుడిచెయ్యి ఎత్తి, తెగిన కణుపును కిటికీ వెలుగులో విరిగిన కుసిని చూసినట్టే తిప్పి చూసుకున్నారు.

‘ఎంతమంది అన్నారు?’

‘పదహారు.’

‘అక్కడికి మొదటి బస్సు ఎన్నింటికి?’